ఒకే కెమెరా, రెండు ఖాతాలు: ఎర్నెస్ట్ విథర్స్ ఎవరు?

క్లుప్తంగా: అమెరికాలో నల్లజాతి పౌరహక్కుల ఉద్యమాన్ని అతి దగ్గర నుంచి ఫొటోలు తీసిన మెంఫిస్ ఫొటోగ్రాఫర్ ఎర్నెస్ట్ విథర్స్ (1922–2007). అదే కాలంలో ఆయన డబ్బు తీసుకుని అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి సమాచారం ఇచ్చేవారు. ఆయన పోయిన మూడేళ్లకు ఈ సంగతి బయటపడింది. నల్లజాతి పత్రికల ఆర్థిక స్థితి, ఫొటోగ్రాఫర్ పని తీరు, ఎఫ్‌బీఐ ఇన్‌ఫార్మర్ వ్యవస్థ ఒకదానికొకటి ఎలా అల్లుకున్నాయో చూస్తేనే ఈ కథ అర్థమవుతుంది.

అందరూ చూసిన ఫొటో

మెంఫిస్‌లోని క్లేబోర్న్ టెంపుల్ అనే చర్చి బయట, రోడ్డు పొడవునా నల్లజాతి మగవాళ్లు వరుసకట్టి నిలబడ్డారు. ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా ఉన్నారు. కొందరి తలమీద టోపీ, కొందరికి కోటు. అందరి చేతిలోనూ ఒకే రకం ప్లకార్డు: ‘ఐ యామ్ ఎ మ్యాన్’. నాలుగు మాటల్లో ‘యామ్’ కింద మాత్రం ఒక గీత. తేదీ 1968 మార్చి 28.

వాళ్లు మెంఫిస్ నగర పారిశుద్ధ్య కార్మికులు. అమెరికా దక్షిణాదిలో అరవై ఏళ్లు దాటిన నల్లజాతి మనిషిని కూడా తెల్లవాళ్లు ‘బాయ్’ అని పిలిచేవారు. మన దగ్గర పెద్ద వయసు పాలేరును ‘ఒరేయ్’ అన్నట్టే. ప్లకార్డు మీది ‘మ్యాన్’ ఆ పిలుపుకు జవాబు. గీత అందుకే.

ఇంకో ఫొటోతో దీన్ని చాలామంది కలిపేస్తుంటారు. తుపాకులు పట్టిన నేషనల్ గార్డు సైనికులు ఒకవైపు, అదే ప్లకార్డులు మెడలో వేసుకుని నడిచే కార్మికులు మరోవైపు కనిపించే చిత్రం మర్నాడు, మార్చి 29న తీసినది. చర్చి ముందు బారులు తీరిన మనుషుల ఫొటో విథర్స్‌ది. పాఠ్యపుస్తకాల్లో, మ్యూజియం గోడల మీద, టీషర్టుల మీద ఆ బొమ్మ దశాబ్దాలుగా తిరుగుతూనే ఉంది. తీసిన మనిషి పేరు మాత్రం అమెరికాలోనే చాలామందికి తెలియదు.

స్కూలు నుంచి బీల్ స్ట్రీట్ దాకా

విథర్స్ 1922 ఆగస్టు 7న మెంఫిస్‌లో పుట్టారు. హైస్కూల్లో ఉండగా బాక్సర్ జో లూయిస్ భార్య మార్వా లూయిస్ ఆ బడికి వచ్చారు. చేతిలో ఉన్న చిన్న కెమెరాతో కుర్రాడు ముందుకెళ్లి ఆమెను ఫొటో తీశాడు. ఆయన చెప్పుకున్న మొదటి ఫొటో అదే. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి, అక్కడే ఫొటోగ్రఫీలో శిక్షణ పొంది, పసిఫిక్‌లోని సైపాన్ దీవిలో పనిచేశారు. తిరిగొచ్చాక సొంత ఊళ్లో స్టూడియో పెట్టుకున్నారు.

1948లో మెంఫిస్ పోలీసు శాఖ తొమ్మిది మంది నల్లజాతి పోలీసులను తీసుకుంది. వాళ్లలో విథర్స్ ఒకరు. యూనిఫాం ఇచ్చారు గానీ తెల్లవాళ్లను అరెస్టు చేసే అధికారం ఇవ్వలేదు. గస్తీ కూడా నల్లవాళ్ల వీధుల్లోనే. అక్రమ మద్యం వ్యవహారంలో ఆరోపణలు రావడంతో 1951లో ఆ ఉద్యోగం పోయింది. ఈ మూడేళ్లను చాలా కథనాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. కానీ పోలీసుల భాష, ఫైలు రాసే పద్ధతి, ఏ సమాచారానికి ఎంత విలువో ఆయనకు తెలిసింది అక్కడే అనుకుంటే, తర్వాత జరిగింది మరీ వింతగా ఏమీ అనిపించదు.

ఆ తర్వాత బతుకుతెరువు కెమెరాయే. బ్లూస్ సంగీతానికి పేరుపడ్డ బీల్ స్ట్రీట్‌లో స్టూడియో. ఆయనకు ఎనిమిది మంది కొడుకులు, ఒక కూతురు. పెళ్లిళ్లు, అంత్యక్రియలు, స్కూలు వేడుకలు, చర్చి సభలు, రాత్రిపూట క్లబ్బులు, నల్లజాతి బేస్‌బాల్ జట్టు మెంఫిస్ రెడ్ సాక్స్ ఆటలు, ఇలా పిలిచిన ప్రతి చోటికీ వెళ్లేవారు. 1956 డిసెంబరులో డబ్ల్యూడీఐఏ రేడియో నడిపిన కార్యక్రమంలో గాయకులు ఎల్విస్ ప్రెస్లీ, బీబీ కింగ్ పక్కపక్కన నిలబడిన ఫొటో ఆయన తీసిందే. స్టూడియో నినాదం ‘పిక్చర్స్ టెల్ ద స్టోరీ’. కథ చెప్పేది ఫొటోలే అని.

సమ్నర్ కోర్టు హాల్లో ఒక వేలు

1955 ఆగస్టు 28న మిసిసిపీ రాష్ట్రంలోని మనీ అనే చిన్న ఊరి దగ్గర నుంచి ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల షికాగో నల్లజాతి కుర్రాణ్ణి ఎత్తుకెళ్లి చంపేశారు. దుకాణంలో తెల్లజాతి మహిళతో తప్పుగా ప్రవర్తించాడన్నది అతని మీద మోపిన నేరం. మూడు రోజుల తర్వాత శవం తల్లహాచీ నదిలో దొరికింది. తల్లి మేమీ టిల్ శవపేటిక మూత తెరిచే ఉంచి అందరికీ చూపించారు. చితికిపోయిన ఆ ముఖం ఫొటో, డేవిడ్ జాక్సన్ తీసినది, ‘జెట్’ పత్రికలో వచ్చింది.

సెప్టెంబరులో సమ్నర్ ఊళ్లో విచారణ జరిగింది. విథర్స్ నల్లజాతి పత్రికల తరఫున వెళ్లారు. తెల్ల విలేకరులకు ముందు వరుసలు ఇచ్చి, నల్ల విలేకరులందరికీ పక్కన ఒక చిన్న బల్ల వేశారు. విచారణ నడుస్తుండగా ఫొటోలు తీయకూడదని జడ్జి కర్టిస్ స్వాంగో ఆదేశం. టిల్‌కు వరసకు తాతయ్యే మోజ్ రైట్ సాక్షి బోనెక్కారు. వయసు 64, కూలిసాగు రైతు. రాత్రివేళ ఇంటికొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకెళ్లింది ఎవరని అడిగితే లేచి నిలబడి, చెయ్యి పూర్తిగా చాచి, తెల్ల నిందితుల వైపు వేలు చూపించారు. మిసిసిపీ కోర్టులో ఒక నల్ల మనిషి తెల్లవాడి మీద వేలెత్తడమంటే ప్రాణాలకు తెగించడమే. సాక్ష్యం చెప్పాక ఆయన ఆ రాష్ట్రంలో ఉండలేక షికాగో వెళ్లిపోయారు.

ఆ క్షణాన్ని పట్టిన ఫొటో విథర్స్ పేరు మీద నిలిచింది. అప్పట్లో మాత్రం అది చాలా పత్రికల్లో ఆయన పేరు లేకుండానే అచ్చయింది. అంతా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ 67 నిమిషాల్లో ఇద్దరు నిందితులనూ నిర్దోషులని తేల్చింది. విథర్స్ తను తీసిన ఫొటోలన్నిటినీ ఒక చిన్న పుస్తకంగా సొంత ఖర్చుతో వేసి, ఒక డాలరుకు అమ్మారు. పత్రికలు వాడుకుని వదిలేసిన ఫొటోలకు తానే ప్రచురణకర్త, తానే అమ్మకందారు అయ్యారన్నమాట. ఆయన ఎలాంటి మనిషో చెప్పడానికి ఈ ఒక్క డాలరు పుస్తకం చాలు. ఉద్యమమంటే ఇష్టం ఉంది, నెగెటివ్ విలువా తెలుసు.

పేరు ఎందుకు నిలవలేదు

పౌరహక్కుల ఉద్యమం అనగానే గుర్తొచ్చే ఫొటోల్లో ఎక్కువ భాగం తెల్లజాతి ఫొటోగ్రాఫర్లవి. 1963లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో పిల్లల మీదికి నీటి గొట్టాలు, పోలీసు కుక్కలు వదిలిన దృశ్యాలు చార్ల్స్ మూర్‌వి. అవి ‘లైఫ్’ పత్రిక ద్వారా లక్షల ఇళ్లకు చేరాయి. 1965 సెల్మా ఊరేగింపుల ఫొటోలకు పేరొచ్చిన స్పైడర్ మార్టిన్ బర్మింగ్‌హామ్ దినపత్రిక మనిషి. వీళ్ల నైపుణ్యం గురించి వేరే చెప్పక్కర్లేదు. తేడా పంపిణీలో ఉంది. పెద్ద పత్రిక, వార్తా సంస్థల ద్వారా పంపిణీ, ఫొటో కింద పేరు, ఫొటో మీద హక్కు ఒక గొలుసు. ఆ గొలుసులో నల్లజాతి ఫొటోగ్రాఫర్‌కు చోటు దాదాపు లేదు.

విథర్స్ పనిచేసింది షికాగో డిఫెండర్ సంస్థ 1951లో మెంఫిస్‌లో మొదలుపెట్టిన ‘ట్రై-స్టేట్ డిఫెండర్’కు, ‘జెట్’ లాంటి నల్లజాతి పత్రికలకు. నెలజీతం లేదు. అచ్చయిన ఫొటోకు ఇంత అని చెల్లింపు, అదీ కొద్ది డాలర్లే. మన జిల్లాల్లో పత్రికలకు పనిచేసే కంట్రిబ్యూటర్ల బతుకు తెలిసినవాళ్లకు ఈ ఏర్పాటు విడమరిచి చెప్పనక్కర్లేదు. గుర్తింపు కార్డు జేబులో ఉంటుంది, ఇల్లు గడిచేది మాత్రం వేరే పనుల మీద.

ప్రమాదంలోనూ తేడా ఉంది. 1957 సెప్టెంబరులో లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూలు దగ్గర, నల్లజాతి విద్యార్థులను చేర్చుకోవద్దని గుమిగూడిన తెల్ల గుంపు ఒక నల్లజాతి పాత్రికేయుణ్ణి తన్నింది, ఇటుకతో కొట్టింది. ఆయన పరిగెత్తలేదు. కిందపడ్డ టోపీ తీసుకుని మళ్లీ పెట్టుకుని నడిచారు. ఆయనే ఎల్. అలెక్స్ విల్సన్, ట్రై-స్టేట్ డిఫెండర్ ఎడిటర్. అంటే విథర్స్ ఫొటోలను అచ్చువేసే పత్రికకు పెద్ద. మూడేళ్లకే ఆయన చనిపోయారు. ఆ దాడి ఫొటో తీసింది విల్ కౌంట్స్, స్థానిక దినపత్రికకు చెందిన తెల్లజాతి ఫొటోగ్రాఫర్. గుంపు మధ్యలో నిలబడి కెమెరా పైకెత్తగలిగింది ఎవరు, దెబ్బలు తిన్నది ఎవరు అన్నది ఆ ఒక్క ఫ్రేములోనే తెలిసిపోతుంది. విథర్స్‌నూ పోలీసులు వదల్లేదు. 1963లో మిసిసిపీలోని జాక్సన్‌లో, హత్యకు గురైన పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్ అంత్యక్రియల సమయంలో కొట్టి అరెస్టు చేశారు.

నల్లజాతి ఫొటోగ్రాఫర్లకు పెద్ద గుర్తింపు ఎప్పుడు వచ్చిందో చూసినా ఇదే తేలుతుంది. 1969లో ఫీచర్ ఫొటోగ్రఫీ పులిట్జర్ బహుమతి ‘ఎబొనీ’ పత్రికకు చెందిన మొనెటా స్లీట్‌కు దక్కింది. మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో తల్లి ఒడిలో ఒదిగిన చిన్న కూతురు బెర్నీస్ ఫొటో అది. చర్చి లోపలికి అనుమతించిన ఫొటోగ్రాఫర్ల జాబితాలో మొదట నల్లవాళ్లే లేరు. స్లీట్‌ను రానివ్వకపోతే ఎవరినీ రానివ్వనని కింగ్ భార్య కొరెట్టా పట్టుబడితే గానీ ఆయనకు చోటు దొరకలేదు.

మెంఫిస్, 1968

గొలుసులో చోటు లేకపోయినా విథర్స్‌కు ఇంకొకటి ఉంది. చనువు. 1956 డిసెంబరు 21న మాంట్‌గొమరీలో 381 రోజుల బస్సు బహిష్కరణ ముగిశాక కింగ్, సహచరుడు రాల్ఫ్ ఆబర్నతీ ఎక్కిన బస్సులో విథర్స్ ఉన్నారు. 1966లో మెంఫిస్‌లోని లొరెయిన్ మోటెల్ గదిలో మంచం మీద నడుం వాల్చిన కింగ్‌ను ఫొటో తీశారు. పడకగదిలోకి కెమెరాతో వెళ్లే చనువు ఎంతమందికి ఉంటుంది?

1968 ఫిబ్రవరి 1న వానలో చెత్త లారీ వెనుక తలదాచుకున్న ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికులు, చెత్తను నలగ్గొట్టే యంత్రం ఉన్నట్టుండి కదలడంతో దాంట్లో పడి నలిగి చనిపోయారు. ఫిబ్రవరి 12 నుంచి సుమారు 1,300 మంది సమ్మెకు దిగారు. మేయర్ హెన్రీ లోబ్ దిగిరాలేదు. మార్చి 28 ఊరేగింపుకు కింగ్ వచ్చారు. విథర్స్ ఆ పేరుపడ్డ ఫొటో తీసిన కాసేపటికే బీల్ స్ట్రీట్‌లో కొందరు కుర్రాళ్లు ప్లకార్డుల కర్రలతో దుకాణాల అద్దాలు పగలగొట్టారు. పోలీసులు విరుచుకుపడ్డారు. లారీ పేన్ అనే 16 ఏళ్ల కుర్రాడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఊరేగింపు శాంతియుతంగా మళ్లీ జరిపి తీరాలని కింగ్ మెంఫిస్‌కు తిరిగొచ్చారు. ఏప్రిల్ 4 సాయంత్రం లొరెయిన్ మోటెల్ బాల్కనీలో ఆయన్ను కాల్చి చంపారు.

బాల్కనీలో నిలబడ్డవాళ్లు తూటా వచ్చిన దిక్కుకు వేళ్లు చూపిస్తున్న ఫొటో తీసింది జోసెఫ్ లౌ అనే దక్షిణాఫ్రికా యువకుడు. ఆ రాత్రి ఆ ఫిల్మ్ రీలు కడిగింది విథర్స్ డార్క్‌రూమ్‌లో. తనది కాని ఆ నెగెటివ్ కూడా ఆయన ట్రేల్లోంచే ప్రపంచానికి వెళ్లింది.

338-ఆర్

బయటపడ్డ రికార్డుల ప్రకారం విథర్స్ 1958 నుంచి 1976 దాకా ఎఫ్‌బీఐకి సమాచారం ఇచ్చారు. మొత్తం 20,088 డాలర్లు అందాయి. ఏడాదికి సగటున 1,100 డాలర్ల పైచిలుకు. ఫైళ్లలో ఆయన పేరు ‘ఎంఈ 338-ఆర్’. ఎంఈ అంటే మెంఫిస్ ఆఫీసు, 338 వరస నంబరు, ఆర్ అంటే జాతి వ్యవహారాల ఇన్‌ఫార్మర్. ఆయనతో వ్యవహారం నడిపింది ప్రధానంగా విలియం లారెన్స్ అనే ఏజెంటు.

ఎఫ్‌బీఐకి ఫొటోగ్రాఫరే ఎందుకు కావాల్సి వచ్చింది? మొదటి కారణం తెలిసిందే. నల్లవాళ్ల చర్చిలో జరిగే సభలోకి తెల్ల ఏజెంటు వెళ్తే వెంటనే తెలిసిపోతుంది, విథర్స్ వెళ్లకపోతేనే అందరూ అడుగుతారు. రెండో కారణం మీద ఎక్కువమంది దృష్టి పెట్టరు. వార్తా ఫొటోకు కింద వ్యాఖ్య రాయాలి. అందుకోసం ఫొటోగ్రాఫర్ ప్రతి ఒక్కరి పేరూ, స్పెల్లింగుతో సహా, అడిగి రాసుకుంటాడు. ఎడమ నుంచి కుడికి ఎవరెవరు, ఏ సంస్థ, ఏ ఊరు. ఎవరూ అనుమానించరు, పేపర్లో పేరొస్తుందని సంతోషంగా చెబుతారు కూడా. పత్రికకు అది ఫొటో వ్యాఖ్య, నిఘా సంస్థకు అదే గుర్తింపు పత్రం. రెండింటికీ చేసే పని ఒకటే, కవరు మీద చిరునామా వేరు.

విథర్స్ ద్వారా చేరినవాటిలో ఇన్వేడర్స్ అనే స్థానిక బ్లాక్ పవర్ బృందంలోని యువకుల ఫొటోలు, సమ్మెను బలపరిచిన క్యాథలిక్ మతగురువుల వివరాలు, సమావేశాల సంగతులు ఉన్నాయి. అప్పటి పరిస్థితిని బట్టి దీన్ని చూడాలి. 1967 ఆగస్టులో ఎఫ్‌బీఐ నల్లజాతి సంస్థలను లోపలి నుంచి దెబ్బతీసే రహస్య కార్యక్రమం మొదలుపెట్టింది. 1968 మార్చి 4 నాటి ఆదేశంలో నల్లజాతిని ఏకం చేయగల నాయకుడు ఎవరూ ఎదగకుండా అడ్డుకోవాలన్నది ఒక లక్ష్యంగా రాశారు. ‘ఏదో నాలుగు ముక్కలు చెప్పాడులే’ అని తీసిపారేయడానికి వీల్లేనిది ఇందుకే. తీసుకున్నవాళ్లు ఆ ముక్కలతో ఏం చేస్తున్నారన్నది ముఖ్యం. అయితే కింగ్ హత్యకూ విథర్స్ ఇచ్చిన సమాచారానికీ సంబంధం ఉందని చూపే ఆధారం ఆ ఫైళ్లలో బయటపడలేదు. ఇంటర్నెట్‌లో ఈ రెండిటినీ ముడిపెట్టే రాతలు కనిపిస్తుంటాయి, వాటికి అంతకు మించిన బలం లేదు.

చెరపడం మరిచిన నంబరు

ఇన్‌ఫార్మర్ల పేర్లు బయటపడకుండా చూడటంలో ఎఫ్‌బీఐకి పట్టుదల ఎక్కువ. మరి ఇది ఎలా బయటకొచ్చింది? విథర్స్ 1970ల్లో టెనెసీ రాష్ట్ర మద్యం నియంత్రణ విభాగంలో ఏజెంటుగా పనిచేస్తూ లంచం కేసులో చిక్కుకున్నారు. ఆయన 2007 అక్టోబరు 15న చనిపోయాక, మెంఫిస్ దినపత్రిక ‘కమర్షియల్ అప్పీల్’ విలేకరి మార్క్ పెరుస్కియా ఆ కేసు కాగితాలు తెప్పించుకున్నారు. పేజీల నిండా నల్ల గీతలు. కానీ ఒకటి రెండు చోట్ల విథర్స్ పేరు పక్కనే ఇన్‌ఫార్మర్ నంబరు చెరపకుండా మిగిలిపోయింది. అదే నంబరు 1960ల నాటి ఉద్యమ నిఘా రిపోర్టుల్లో పదేపదే కనిపించింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తేలింది. 2010 సెప్టెంబరులో కథనం అచ్చయింది.

మిగతా ఫైళ్లు ఇవ్వడానికి ఎఫ్‌బీఐ ఒప్పుకోలేదు. పత్రిక కోర్టుకెళ్లింది. అమెరికా సమాచార స్వేచ్ఛా చట్టంలో ఒక మెలిక ఉంది. ఇన్‌ఫార్మర్ ఫైలును మూడో వ్యక్తి అడిగితే, ఆ మనిషి ఇన్‌ఫార్మర్ అని అధికారికంగా ధ్రువపడనంత వరకు, ఆ ఫైలు చట్టం పరిధిలోనే లేనట్టు ప్రభుత్వం వ్యవహరించవచ్చు. మీరే విడుదల చేసిన కాగితంలో నంబరు ఉంది కాబట్టి ధ్రువీకరణ అయిపోయినట్టేనని 2012లో జడ్జి అన్నారు. 2013లో రాజీ కుదిరి డజన్ల కొద్దీ ఫైళ్ల భాగాలు బయటకొచ్చాయి. మన సమాచార హక్కు చట్టంలోనూ సెక్షన్ 8(1)(జి) రహస్యంగా సమాచారమిచ్చిన వ్యక్తి గుర్తింపును కాపాడుతుంది. ఇంటెలిజెన్స్ బ్యూరో లాంటి సంస్థలైతే సెక్షన్ 24 కింద దాదాపుగా చట్టం బయటే ఉంటాయి.

ద్రోహమా, బేరమా?

ఇన్‌ఫార్మర్ అన్న మాట నక్సల్ ఉద్యమం నడిచిన తెలుగు పల్లెల్లో మనిషి ప్రాణం తీసేంత బరువైనది. మెంఫిస్‌లో కథనం వచ్చాక స్పందన అంత ఏకపక్షంగా లేదు. కింగ్ సహచరుడు ఆండ్రూ యంగ్ పెద్దగా కోపం చూపలేదు. తమను ఎవరో ఒకరు గమనిస్తున్నారని అప్పుడే తెలుసనీ, ఉద్యమం చేసిందంతా బహిరంగమేననీ ఆయన ధోరణి. కింగ్ సంస్థకు ఆ మాట సరిపోతుంది. ఇన్వేడర్స్‌లోని ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు సరిపోదు. వాళ్లకు దేశవ్యాప్త పేరు గానీ, రక్షణగా నిలిచే లాయర్లు గానీ లేరు. ఒక ఫొటో, ఒక కారు నంబరు, ఒక ఉద్యోగ వివరం వాళ్ల జీవితాన్ని కుదిపేయగలవు.

విథర్స్ బతికుండగా ఈ విషయాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు, పూర్తిగా దాచనూ లేదు. ఎఫ్‌బీఐ మనుషులు తన వెంట తిరిగేవారనీ, పెద్ద రహస్యాలేవీ తెలుసుకోవాలని తాను ప్రయత్నించలేదనీ ఒక సందర్భంలో చెప్పుకున్నారు. డబ్బు కోసమే చేశారా, మాజీ పోలీసుకు ఉండే అలవాటా, కమ్యూనిస్టులంటే భయమా, చెప్పకపోతే తనకే ముప్పనుకున్నారా అన్నది కాగితాలు తేల్చవు. తేల్చగలిగేది లెక్కలే. ఆయన ఫొటోలకు పత్రికలు ఇచ్చింది తక్కువ, ఎఫ్‌బీఐ ఇచ్చింది క్రమం తప్పకుండా వచ్చింది. దాన్ని సమర్థనగా చెప్పలేం, కారణాల్లో ఒకటిగా లెక్కలోంచి తీసేయనూ లేం.

ఆయన ఫొటోలు అబద్ధమైపోలేదు. మోజ్ రైట్ చాచిన చెయ్యి అలాగే ఉంది. మారింది చూసేవాళ్ల చూపు. ఆ ఫొటోల్లోని చాలామంది కెమెరా వైపు నిశ్చింతగా చూస్తుంటారు, తీస్తున్నది తమ వీధి మనిషే కాబట్టి. ఒకప్పుడు ఆ నిశ్చింతను ఆయన ప్రతిభకు గుర్తుగా చెప్పేవారు.

బీల్ స్ట్రీట్‌లోనే 2011లో, అంటే కథనం వచ్చిన మర్నాటి ఏడు, కుటుంబం ఆయన పేరిట మ్యూజియం తెరిచింది. మొత్తం 18 లక్షల దాకా చిత్రాలు ఉంటాయని వాళ్ల అంచనా. నెగెటివ్‌లు స్కాన్ చేయడం ఒక ఎత్తు, వాటిలో ఉన్నది ఎవరో కనుక్కోవడం ఇంకో ఎత్తు. ఎవరు ఎవరో గడగడా చెప్పగలిగిన మనిషి ఇప్పుడు లేరు. ఇన్వేడర్స్ కుర్రాళ్ల విషయంలో మాత్రం ముఖానికి పేరు జతచేసిన కాగితాలు ఇప్పటికే ఉన్నాయి. అవి ఎఫ్‌బీఐ మెంఫిస్ ఆఫీసు రిపోర్టులు.